‘నీకు తగ్గ పని’ అని చెప్పాల్సింది ఎవరు?

కొత్తకోట 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. ఉత్తరానికి పోతే జడ్చర్ల, షాద్‌నగర్, హైదరాబాద్. దక్షిణానికి పోతే పెబ్బేరు, కర్నూలు, ఆపైన బెంగళూరు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల మాల, మాదిగ వాడల్లో డిగ్రీనో, ఐటీఐనో, పాలిటెక్నిక్కో ముగించిన పిల్లలకు ఈ రెండు దిక్కులా ఏదో ఒక పని కనిపిస్తూనే ఉంటుంది. పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీ, హైదరాబాద్‌లో డెలివరీ బండి, హైవే హోటల్, ప్రైవేటు బడిలో టీచరు కొలువు, చిక్కడపల్లిలో గ్రూప్స్ కోచింగు. ఇవేవీ కుదరకపోతే సీడు పత్తి చేను, లేదంటే మేస్త్రీ గుంపు. వీటిలో నాకు పడేది ఏది అని ఎవరైనా అడిగితే ఇంటా బయటా వచ్చే జవాబు ఒకటే: దొరికింది చెయ్యి, మనకెక్కడి ఎంపిక?

తన గుణానికి, తన ఒంటి శక్తికి సరిపోయే పని చోటు వెతుక్కోవడం కడుపు నిండినవాళ్ల ముచ్చట అని మన ఉద్యమాల్లోనూ చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఎవరికి ఏ పని తగునో పుట్టుకతోనే తేల్చేసిన సమాజం మనది. అలాంటి చోట ‘నాకు ఏ పని తగును’ అని మనమే అడగడం కుల నిర్మూలనలో భాగం. అందుకని ఈ ప్రశ్నను కాస్త విడమరచి చూద్దాం.

‘తగ్గ పని’ వెనక ఉన్న చరిత్ర

1936లో రాసిన ‘కుల నిర్మూలన’లో అంబేద్కర్ ఒక వాదాన్ని తుత్తునియలు చేశారు. కులం అంటే శ్రమ విభజన, అన్ని నాగరిక సమాజాల్లోనూ అది ఉన్నదే కదా అన్నది ఆ వాదం. కులం విభజిస్తున్నది శ్రమను కాదు, శ్రామికులను అని ఆయన జవాబు. అక్కడితో ఆగలేదు. ఈ విభజనకు మనిషి శక్తితోగానీ ఇష్టంతోగానీ సంబంధం లేదని, తల్లిదండ్రుల సామాజిక స్థాయే దానికి ఆధారమని చూపించారు. ఇష్టం లేని, మనసు పెట్టలేని పనిని నెత్తిన రుద్దితే మనిషికి ఆ పని మీద ఏవగింపు తప్ప మరేం మిగలదని కూడా అన్నారు. ఈనాడు కెరీర్ కౌన్సెలర్లు అభిరుచి, సామర్థ్యం అని చెప్పే మాటను ఆయన కులం మీద ఎక్కుపెట్టిన ఆయుధంగా వాడారు.

మన ఊళ్లలో దీనికి సాక్ష్యాలు వెతకనక్కర్లేదు. చచ్చిన పశువును మోయడం, చావు కబురు చెప్పి రావడం, దప్పు కొట్టి చాటింపు వేయడం, దొర ఇంట వెట్టి చేయడం, ఇవన్నీ ‘మీకు అలవాటైన పనులు’ అనే పేరు మీదనే సాగాయి. పాలమూరులో దళిత ఆడపిల్లలను జోగినులుగా మార్చినప్పుడు కూడా అది దేవత పిలుపు అన్నారు, ఆ పిల్లకు రాసిపెట్టి ఉందన్నారు. దాన్ని నేరంగా గుర్తించే చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో గానీ రాలేదు.

గద్వాల చుట్టుపక్కల సీడు పత్తి సంగతి మరీ స్పష్టం. సంకర పత్తి విత్తనం తయారు కావాలంటే ఒక్కో మొగ్గను చేత్తో విప్పి మగ భాగాన్ని తీసేయాలి. మరునాడు వేరే మొక్క పుప్పొడిని దాని మీద అద్దాలి. చేలో మొగ్గలన్నింటికీ, సీజను పొడుగునా ఇదే పని. ఈ పనికి చిన్న పిల్లల వేళ్లే, అందులోనూ ఆడపిల్లల వేళ్లే సరిపోతాయన్న వాదన ఏళ్ల తరబడి నడిచింది. చిన్న వేళ్లు కాబట్టి మొగ్గ నలగదట, పిల్లల ఎత్తుకు చెట్టు సరిపోతుందట. పిల్లలకు కూలి తక్కువ ఇవ్వొచ్చు, వాళ్లు ఎదురు చెప్పరు అన్న అసలు కారణాలు మాత్రం ఆ లెక్కలోకి రావు. ‘తగిన పని’ అని అవతలివాడు అన్నప్పుడల్లా, తగినది ఎవరి లాభానికి అని అడగాలి.

తెలుగు మూలాలున్న బెజవాడ విల్సన్ జీవితం ఇంకో ఉదాహరణ. ఆయన కోలార్ బంగారు గనుల ప్రాంతంలో పాకీ పని చేసే కుటుంబంలో పుట్టారు. చదువుకొని ఉపాధి కార్యాలయానికి పోతే, కులం చూసి తనకు పాకీ పనే రాశారని ఆయన చెప్పారు. అర్హత, ఇష్టం, నేర్పు ఏవీ అక్కడ పనికి రాలేదు. ఆయన ఆ పనినే రూపుమాపడానికి సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిర్మించారు. 2016లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్నారు.

పాలమూరు కూలీ చెప్పే పాఠం

పాలమూరు కూలీ పేరు దేశమంతా తెలుసు. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, పెద్ద పెద్ద భవనాలు ఆ చేతులతో లేచాయి. గుంపు మేస్త్రీ ఊరికి వచ్చి పండగకో పెళ్లికో అడ్వాన్సు ఇస్తాడు. ఆ బాకీ తీరేదాకా కుటుంబం అతని వెంట పోవాలి. ఎక్కడికి, ఎన్ని గంటలు, రోజుకు ఎంత అన్నది అతని నోటి మాటే. నడుమ ఒంట్లో బాగలేకపోతే ఆ రోజుల లెక్క బాకీకే కలుస్తుంది.

ఆ పని కష్టమైంది కాబట్టే చెడ్డదా? పొలంలో సొంత బావి తవ్వుకునేవాడు కూడా అంతే కష్టపడతాడు. తేడా ఎక్కడుందో 1979లో అమెరికన్ పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ ఒక సూత్రంగా చెప్పాడు. పని ఒత్తిడి ఒక్కటే మనిషిని విరిచేయదు. ఒత్తిడి ఎక్కువగా ఉండి, ఆ పని ఎలా చేయాలి, ఎప్పుడు ఆగాలి అని నిర్ణయించుకునే అధికారం తక్కువగా ఉన్నచోట మనిషి చెడతాడు. మేస్త్రీ గుంపు ఆ లెక్కలో అట్టడుగున ఉంటుంది. టార్గెట్లు పెట్టి నిమిషం నిమిషం కాపలా కాసే ఏసీ ఆఫీసు కూడా దానికి మరీ దూరంలో లేదు. అందుకే పని చోటును అంచనా వేసేటప్పుడు జీతం, ఫ్యాను, కుర్చీ చూస్తే చాలదు. అక్కడ నా మాట ఎంతవరకు చెల్లుతుంది, కాదంటే వెళ్లిపోగలనా అన్నది ముందు చూడాలి.

వెళ్లిపోగలగడం ఎంత పెద్ద విషయమో సుప్రీంకోర్టు కూడా గుర్తించింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల తరఫున పీయూడీఆర్ వేసిన కేసులో 1982లో తీర్పు వచ్చింది. కనీస వేతనం కన్నా తక్కువకు మనిషి పనిచేస్తున్నాడంటే ఆకలి, పేదరికం అతన్ని నెడుతున్నాయని, అది రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీయేనని కోర్టు చెప్పింది. ‘వాడు ఇష్టపడే వచ్చాడు కదా’ అనే మేస్త్రీ మాటకు ఇది జవాబు. వేరే దారి లేనప్పుడు ఒప్పుకున్న పనిని ఎంపిక అనరాదు.

గుణమా, గాయమా?

గుణానికి తగ్గ పని వెతకాలంటే ముందు మన గుణం ఏమిటో మనకు తెలియాలి. ఇక్కడే మన పిల్లలకు ఒక చిక్కు ఉంది.

‘నాది మొహమాటం, నలుగురిలో మాట్లాడలేను, నాకు మనుషులతో పని పడదు’ అంటాడు ఒక విద్యార్థి. కావచ్చు. కొందరు పుట్టుకతోనే నెమ్మది మనుషులు, వాళ్లకు ఒంటరిగా, నిశ్శబ్దంగా చేసే పని హాయి. కానీ ఆ పిల్లాడు వాడలో ఎలా ఉంటాడు? అంబేద్కర్ జయంతి నాడు మైకు పట్టుకుంటాడా? హాస్టల్ గదిలో నవ్విస్తాడా? అక్కడ గలగలా మాట్లాడి క్లాసులోనో ఆఫీసులోనో నోరు మూతపడుతోందంటే అది అతని గుణం కాదు. పాలమూరు యాసకు ఎవరో నవ్వారు. ఇంగ్లీషు తడబడితే ఎవరో ఎగతాళి చేశారు. ఇంటిపేరు అడిగి ఎవరో మొహం తిప్పుకున్నారు. అది తగిలిన దెబ్బ. దెబ్బను గుణం అనుకుంటే, మనకు బాగా వచ్చే పనినే మనం వదులుకుంటాం.

దీనికి అటువైపు పొరపాటు కూడా ఉంది. నిజంగా మన పరిమితి అయినదాన్ని ఒప్పుకోకపోవడం. రాత్రి షిఫ్టు కొందరి ఒంటికి అస్సలు పడదు. రక్తహీనత ఉన్న అమ్మాయి పన్నెండు గంటలు నిలబడలేదు. మూర్ఛ ఉన్న మనిషి ఎత్తయిన పరంజా ఎక్కకూడదు. అపరిచితులకు సరుకు అంటగట్టడం కొందరికి ప్రాణాంతకం. ‘మన అమ్మానాన్నలు బండలు మోశారు, నేను ఇది చేయలేనా’ అని పళ్లబిగువున నెట్టుకొస్తే ఆరు నెలల్లో మంచాన పడతారు. బండలు మోయడం వాళ్ల గుణానికి సరిపడి చేసింది కాదు, గతిలేక చేసింది. ఆ బరువును కొలబద్దగా పెట్టుకోవడం వాళ్లకు గౌరవం కాదు.

తేడా తెలియడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఇబ్బంది అన్ని చోట్లా, అందరి మధ్యా, సెలవు రోజున కూడా ఉంటే అది బహుశా మీ పరిమితి. దానికి తగ్గట్టు పని చూసుకోవాలి. ఇబ్బంది కొన్ని చోట్ల, కొందరి ముందే వస్తే అది ఆ చోటు లక్షణం. చోటునైనా మార్చాలి, చోటు మీదనైనా పోరాడాలి. మిమ్మల్ని మీరు మార్చుకోనక్కర్లేదు.

ఒక్క మనిషి, చాలా చోట్లు

అంబేద్కర్ ఉద్యోగ జీవితాన్నే చూద్దాం. కొలంబియాలో చదువుకుని 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరారు. ఊళ్లో ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని ఒక సత్రంలో దిగితే కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. కచేరీలో బంట్రోతులు ఫైళ్లను దూరం నుంచి విసిరేవారు. కొన్నాళ్లకే ఆయన ఆ ఊరు విడిచారు. బొంబాయిలో పెట్టుబడుల సలహాదారుగా పని మొదలుపెడితే, కులం తెలిశాక గిరాకీలు రావడం మానేశారు. 1918లో సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడయ్యారు. విద్యార్థులు ఆయన పాఠాన్ని మెచ్చారు, తోటి అధ్యాపకుల్లో కొందరు మాత్రం మంచినీళ్ల కుండ దగ్గర అభ్యంతరం పెట్టారు. 1923 నుంచి బొంబాయిలో వకీలుగా నిలదొక్కుకున్నారు.

మనిషి ఒక్కడే, చదువు ఒక్కటే, ఓర్పూ ఒక్కటే. చోటు మారినప్పుడల్లా ఫలితం మారింది. బరోడాలో లోపించింది ఆయనలో కాదు. చివరికి స్థిరపడిన వృత్తి చూడండి. న్యాయవాదికి నెత్తిమీద అధికారి ఉండడు. వేళలు కొంతైనా తన చేతిలో ఉంటాయి. చదవడం, వాదించడం ఆయనకు ఊపిరి. ఉద్యమానికి సమయం మిగులుతుంది. ఆ వృత్తిలోనూ కులం వెంటాడింది, కాకపోతే అక్కడ దాన్ని ఎదుర్కొనే వెసులుబాటు ఉంది.

గుర్రం జాషువా దారి కూడా ఇలాంటిదే. 1895లో వినుకొండలో పుట్టిన ఆ కవి రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పాడు, బడుల్లో పాఠాలు చెప్పాడు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో ప్రచారకుడిగా తిరిగాడు, 1950ల చివర మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమాలు రూపొందించాడు. ఆయన చేసిన పనులన్నింటా మాటే ముడిసరుకు. ఒకచోట అవమానమైతే మాటను వదల్లేదు, చోటును వదిలాడు. ఉద్యోగాలు మారేవాళ్లను నిలకడ లేనివాళ్లు అని తిట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

పని చోటును ఎలా చదవాలి

చేరకముందే కొన్ని సంగతులు కనుక్కోవచ్చు. అక్కడ పనిచేస్తున్న, లేదా పని మానేసిన మనవాళ్లు ఒకరిద్దరితో మాట్లాడితే ఇంటర్వ్యూలో తెలియనిది అరగంటలో తెలుస్తుంది.

ఒళ్లు: ఎన్ని గంటలు? షిఫ్టులు మారతాయా? నిలబడి చేసేదా, కూర్చుని చేసేదా? వేడి, వాసన, దుమ్ము, రసాయనాలు ఏపాటివి? ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉందా, వెళ్లడానికి అనుమతి అడగాలా?

మనసు: పని ఒంటరిగానా, గుంపులోనా? రోజంతా మాట్లాడాలా? పై అధికారి పొరపాటును పక్కకు పిలిచి చెప్తాడా, అందరి ముందు అరుస్తాడా? ఒక పని పూర్తి చేశాకే ఇంకోటి ఇస్తారా, పది పనులు ఒకేసారి మీద పడతాయా?

మర్యాద: అందరూ ఒకే చోట తింటారా? బీఫ్ తినే మనిషి డబ్బా తెరవగలడా? చేరిన మొదటి వారంలో ఇంటిపేరు, ఊళ్లో ఇల్లు ఎటువైపు అని ఆరా తీస్తారా? ఊడ్చే, కడిగే పని చేస్తున్నది ఏ కులంవాళ్లు, పై కుర్చీల్లో ఉన్నది ఎవరు? రిజర్వేషన్‌లో వచ్చినవాళ్ల గురించి టీ దగ్గర ఏం మాట్లాడుకుంటారు?

తలుపు: వెళ్లిపోవాలంటే ఏం పోగొట్టుకోవాలి? ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుంటారా? బాండు రాయించుకుంటారా? అడ్వాన్సు ఉందా? జీతం ఎన్నో తారీఖున పడుతుంది, పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా?

ఈ నాలుగింట్లో అన్నీ కుదిరే చోటు అరుదు. అందుకే ఏది లేకపోయినా సర్దుకోగలరు, ఏది లేకపోతే బతకలేరు అని ముందే కాగితం మీద రాసుకోవాలి. అప్పుంటే కొన్నాళ్లు పడని పని కూడా చేయాల్సిరావచ్చు. అప్పుడు కూడా ఎన్నాళ్లు, ఎంత కూడబెట్టాక బయటపడాలి అన్న లెక్క మన చేతిలో ఉండాలి. గ్రూప్స్ కోచింగుకూ ఇదే లెక్క. సర్కారు కొలువు మనకు భద్రత, గౌరవం, నిజమే. కానీ ఏళ్ల తరబడి ఒక గదిలో ఒంటరిగా చదవడం అందరి గుణానికీ పడదు. రెండేళ్లో మూడేళ్లో అని గడువు పెట్టుకుని, పక్కన ఇంకో నైపుణ్యం చేతికి తెచ్చుకున్నవాళ్లు ఓడినా కూలిపోరు.

వెతికితే దొరుకుతుందిలే అనే మాట అందరికీ ఒకేలా వర్తించదన్నదీ నిజమే. సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం గుర్తు చేసుకోవాలి. ఒకే అర్హతలతో పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపారు. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే అని తేలింది. సముద్రాలు దాటినా ఇది పోలేదు కాబట్టే 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. తెలుగు ఐటీ ఉద్యోగులు పెద్ద సంఖ్యలో బతికే ప్రాంతమది. ఎంపిక మన హక్కు అయినా, ఆ ఎంపికకు దారి తెరవడం మాత్రం సమష్టి పోరాటం వల్లే అవుతుంది.

చట్టం ఎంతవరకు తోడొస్తుంది

గుణానికి తగ్గ పని ఇవ్వాలని ఏ చట్టమూ చెప్పదు. కానీ కొన్ని గీతలు గీసింది. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం వెట్టి వెనక ఉన్న బాకీ చెల్లదు. విడిపించే బాధ్యత జిల్లా యంత్రాంగానిది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఇంకాస్త ముందుకు పోయింది. దళితులతో పశువుల కళేబరాలు మోయించడం, గోతులు తవ్వించడం, పాకీ పని చేయించడం నేరాలు. అందరికీ అందుబాటులో ఉన్న వృత్తి, వ్యాపారం, ఉద్యోగం చేయకుండా దళితుణ్ని అడ్డుకోవడమూ నేరమే. నలుగురి కంట పడే చోట కావాలని కులం పేరుతో అవమానిస్తే కేసు పెట్టొచ్చు. అందుకే తేదీ, చోటు, విన్నవాళ్ల పేర్లు ఆ రోజే రాసి పెట్టుకోవాలి. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14566.

అంగవైకల్యం ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. దాని కింద మానసిక అనారోగ్యంతో కలిపి 21 రకాల వైకల్యాలు గుర్తించారు. ప్రభుత్వ సంస్థలు ఉద్యోగికి తగిన సౌకర్యాలు కల్పించాలి. మిగతా సంస్థలు కూడా సమానావకాశాల విధానం ప్రకటించాలి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదుకు అంతర్గత కమిటీ ఉండి తీరాలని 2013 చట్టం చెప్తోంది. మనసు కుంగినప్పుడు 14416 నంబరుకు చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు. అది బలహీనత కాదు, జ్వరానికి మందు వేసుకోవడం లాంటిదే.

సంఘం కూడా పని చోటే

చివరిగా మన ఇంటి సంగతి. విద్యార్థి సంఘాలు, దళిత సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు కూడా పని చోట్లే. అక్కడ ‘ఉద్యమం కోసం’ అనే మాటతో గంటలకు లెక్క ఉండదు. గొంతు ఉన్నవాడే నాయకుడు, అరవలేనివాడు వెనక వరస. ఇంటికి సాయంత్రం ఆరింటికి చేరాల్సిన అమ్మాయికి రాత్రి మీటింగులో చోటుండదు. అలసిపోయానన్న కార్యకర్తను నిబద్ధత లేదని తేల్చేస్తాం. పుట్టుకను బట్టి పని పంచిన కులాన్ని తిడుతూ, గొంతును బట్టి పని పంచడం ఏం న్యాయం?

ఉద్యమంలో అన్ని గుణాలకూ పని ఉంది. వేదిక మీద మాట్లాడేవాళ్లు ఎంత ముఖ్యమో, పది రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు దరఖాస్తు రాసి, జవాబు వచ్చేదాకా ఓపిగ్గా వెంటపడే నెమ్మది మనిషీ అంతే ముఖ్యం. లెక్కలు రాసేవాళ్లు, బాధిత కుటుంబం పక్కన మాట లేకుండా కూర్చోగలిగేవాళ్లు, ఫోటో తీసేవాళ్లు, పాట కట్టేవాళ్లు, ఎఫ్‌ఐఆర్ చదివి అందులో ఏ సెక్షను వదిలేశారో చెప్పేవాళ్లు, అందరూ కావాలి. కొత్త సభ్యుడు రాగానే ‘నువ్వు ఏం చేయగలవు, నీకు ఏది పడదు, ఏ రోజుల్లో రాలేవు’ అని అడిగి రాసుకునే సంఘం ఎక్కువకాలం నిలబడుతుంది. కొత్తకోటలోనో గద్వాలలోనో వచ్చే వారం మీ సంఘం కూర్చున్నప్పుడు ఈ మూడు ప్రశ్నలతో మొదలుపెట్టండి. జవాబు చెప్పే మొదటి మనిషి ఇంతవరకు మీటింగులో ఎన్నడూ నోరు విప్పనివాడో, విప్పనిదో అయితే ఇంకా మంచిది.